దూలంలో డొల్ల

సుంకన్న మేస్త్రికి ఒకటే దిగులు. గిడ్డయ్య తాత తనకు ఇంకా ఉపదేశం ఇవ్వలేదు.

తాత మఠం తుంగభద్రకు ఇవతల, ఊరికి దూరంగా, జొన్నచేల మధ్య ఉంది. మఠమంటే పెద్దదేమీ కాదు. ఒక మట్టిమిద్దె, ఒక వంటపాక, ముందు బోదగడ్డి కప్పిన ఒక పందిరి. తన దగ్గరికి వచ్చేవాళ్ళలో కొందరిని తాత ఎప్పుడో ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని చెవిలో ఒక మాట చెప్పేవాడు. ఆ మాట ఏమిటో విన్నవాళ్ళు పైకి చెప్పరు. నిన్నగాక మొన్న వచ్చిన గొర్రెల కాపరికి చెప్పాడు. టీ అంగడాయనకు చెప్పాడు. పెళ్ళికాక ముందునుంచీ మఠానికి వస్తున్న సుంకన్నకు మాత్రం చెప్పలేదు. ఇప్పుడు సుంకన్న కూతురికే పెళ్ళీడు వచ్చింది.

ఒకసారి నోరు తెరిచి అడిగాడు.

"తాతా, నాలో ఏమి తక్కువ?"

"తక్కువేమీ లేదు నాయనా" అని తాత మళ్ళీ వడ్లు చెరుగుకోవడంలో పడ్డాడు.

నిజానికి తక్కువేమీ లేదు. సుంకన్న తాగడు. మాట తప్పడు. సుంకన్న కట్టిన గోడకు వంకర ఉండదనీ, సుంకన్న తీసిన అంచు మీద గోళీ పెట్టినా నిలుస్తుందనీ ఆ చుట్టుపక్కల చెప్పుకునేవారు. ఆ మాటలు అతని చెవిన పడేవి. పడినప్పుడల్లా తల వంచుకునేవాడు. ఎంత పొగిడినా తల వంచుకుంటాడని కూడా జనం చెప్పుకునేవారు. అదీ అతని చెవిన పడేది.

ఏటా ఉగాదికి ముందు కన్నడ దేశంనుంచి శ్రీశైలానికి నడిచిపోయే యాత్రికులు మఠం దగ్గర ఆగి, తిని, పడుకుని, తెల్లారి లేచిపోతారు. పందిరి వాళ్ళకు చాలడం లేదు. ఆడవాళ్ళు పసిబిడ్డలను పెట్టుకుని ఎండలో పడి ఉండటం చూడలేక, ఊరివాళ్ళు తలా ఒక చెయ్యి వేసి కాంక్రీటు కప్పుతో ఒక సావిడి కట్టిద్దామనుకున్నారు. సుంకన్న ముందుకు వచ్చాడు. కూలి వద్దన్నాడు.

సావిడి పూర్తయిన రోజున తాత నన్ను పిలుస్తాడు అని మనసులో అనుకున్నాడు. సేవ చేస్తూ ఫలం మీద ఒక కన్ను వేసి ఉంచడం చిన్న తప్పులాగే కనిపిస్తుంది. కానీ అది ఒక్కటిగా ఉండదు, పిల్లలు పెడుతుంది.

తాతకు కట్టుబడి పని తెలియదు. రోజూ పొద్దున్నే వచ్చి ఇసుక కుప్ప మీద కూర్చుని చిన్నపిల్లాడిలా అడిగేవాడు.

"కంకర ఒక్కటే పోస్తే నిలబడదా సుంకన్నా?"

"నిలబడదు తాతా. రాయికీ రాయికీ మధ్య సందు ఉంటాది. ఆ సందులో ఇసుక కూర్చోవాల. ఇసుక సందుల్లో సిమెంటు కూర్చోవాల. అన్నీ నిండితేనే అంతా కలిసి ఒకే రాయి అవుతాది."

"మరి ఇనుమెందుకు?"

"ఈ రాయి నెత్తిన ఎంత బరువు పెట్టినా మోస్తాది. పట్టి లాగితే మాత్రం పగిలిపోతాది. దూలం బరువు మోసేటప్పుడు దాని అడుగు సాగుతాది తాతా. ఆ లాగుడు ఇనుప కమ్మీలు ఓర్చుకుంటాయి. కమ్మీకి తుప్పు రాకుండా సిమెంటు కాపాడతాది."

"ఒకరినొకరు పట్టుకొని ఉంటారన్నమాట."

"పట్టుకోవాలంటే మధ్యలో ఖాళీ ఉండకూడదు. నీళ్ళు కూడా అంతే. సిమెంటు మేలుకునేంత పోస్తే చాలు. ఎక్కువ పోస్తే పనివాళ్ళకు సులువు, కలిపిన మాలు జారిపోతాది. ఆ నీళ్ళు ఆరిపోయినాక అవి ఉన్నచోట సన్నసన్న బొక్కలు మిగుల్తాయి. పైకి కనపడవు. బలం పోతాది."

"పైకి కనపడవా?" అని తాత ఆశ్చర్యపోయాడు.

కప్పు పోసే రోజు వచ్చింది. ఫాల్గుణం ఇంకా మొదట్లోనే ఉన్నా ఎండ పొద్దున్నే ముదిరింది. ఊరిలో సగంమంది చూడటానికి వచ్చారు. తాత పందిరి కింద కూర్చున్నాడు. కాంక్రీటు కలిపే మిల్లరు దడదడమంటూ తిరుగుతోంది. దాని దగ్గర నీళ్ళు పోసే పని ఉరుకుందమ్మది. బిడ్డను పందిట్లో పడుకోబెట్టి వచ్చింది. తట్టలు మోసే ఆడవాళ్ళు మాలు మరీ గట్టిగా ఉందని, పార దిగడం లేదని మొత్తుకుంటుంటే, జాలిపడి ఒక చెంబు నీళ్ళు ఎక్కువ పోసింది.

సుంకన్న చూశాడు.

"ఏమి ఉరుకుందమ్మా, సంగటి గెలుకుతున్నావా?"

"ఇంత గట్టి సంగటి చేస్తే మా ఇంటాయన పళ్ళెం ఇసిరేస్తాడన్నా" అందామె. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

సుంకన్న నవ్వలేదు. "నువ్వు పోసిన ఆ చెంబెడు రేపు ఎవరి నెత్తిన పడతాదో తెలుసునా? చేతకాకపోతే ఇంటికాడ ఉండు" అని అందరి ముందూ కసిరాడు. మిల్లరులో ఉన్నదంతా బయట పారబోయించాడు. ఉరుకుందమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జనం మాత్రం, "చూసినారా, పనంటే అట్లుండాల" అనుకున్నారు. సుంకన్న తల వంచుకున్నాడు.

మధ్యాహ్నానికి వాకిలి వైపు దూలం దగ్గరికి వచ్చారు. దూలం స్తంభం మీద కూర్చునే చోట కమ్మీలు ఒకదాని మీద ఒకటి ఒత్తుగా ఉన్నాయి. గట్టిమాలు వాటి మధ్య దిగడం లేదు. పోసిన మాలును లోపల కుదిపి సర్దే వైబ్రేటరు గొట్టం కూడా అక్కడ దూరలేదు. సుంకన్నతో పాటు పనిచేసే బజారి ఆగాడు.

"అన్నా, ఒక్క గడియ నిలుపుదాం. ఇక్కడికి చిన్న కంకరతో వేరే కలిపి పోద్దాం. పక్క పలకలు కూడా బాగా తట్టాల."

అది సరైన మాట. సుంకన్నకు తెలుసు. కానీ కింద ఊరంతా నిలబడి ఉంది. పనిని తు.చ. తప్పకుండా చేసేవాడని అప్పుడే పొగిడించుకున్నవాడు, అప్పుడే చేతులు కట్టుకుని ఆగిపోవడం ఎట్లా?

"పోయ్. దిగుతాది" అన్నాడు.

బజారి పోశాడు. పైన తాపీతో రుద్దితే అద్దంలా వచ్చింది.

రెండు రోజులు పోయాక పొద్దున్నే, మాలు కారిపోకుండా బిగించిన దూలం పక్క పలకలు సుంకన్న ఒక్కడే విప్పుకున్నాడు. మిగతావాళ్ళు ఇంకా పనికి రాలేదు. వాకిలి వైపు పలక ఊడదీసేసరికి లోపల రాళ్ళు పేలాల ఉండలాగా బయటపడ్డాయి. వాటి మధ్య సిమెంటు లేదు, ఇసుక లేదు. చెయ్యి పెడితే మణికట్టు దాకా పోయింది. వేళ్ళకు చల్లగా కమ్మీ తగిలింది.

అతను చెయ్యి వెనక్కి తీసుకుని అటూ ఇటూ చూశాడు. తప్పు చేసినప్పుడు మనిషికి మొదట గుర్తుకొచ్చేది తప్పు కాదు, సాక్షి. ఎవరూ లేరు. గబగబా ఇసుక, సిమెంటు కలిపి, ఆ నోటిమీద మెత్తి, తాపీతో నున్నగా లాగాడు. అతని చేతిపని ఎప్పుడూ గొప్పదే. చూస్తే అతుకు తెలియదు.

బజారి వచ్చి కాసేపు నిలబడి చూశాడు.

"ఇక్కడ మాత్రమే తడిగా ఉందేమన్నా?"

"నీళ్ళు కొట్టినా" అన్నాడు సుంకన్న.

బజారి తట్ట ఎత్తుకుని పక్కకు పోయాడు.

ఆ తర్వాత సుంకన్న కప్పు మీద మట్టిగట్లతో మళ్ళు కట్టి నీళ్ళు నింపాడు. కాంక్రీటు ఎండి గట్టిపడదు, నీళ్ళు తాగి గట్టిపడుతుంది. రోజూ పొద్దున, సాయంత్రం దూలాలన్నీ తడిపేవాడు. ఏ దూలం తడుపుతున్నా చూపు మాత్రం వాకిలి వైపుకే పోయేది. అక్కడ నీళ్ళు మరి కాస్త ఎక్కువ కొట్టేవాడు. తగినన్ని రోజులు ఆగి కింద ఆనించిన సరుగుడు కర్రలు తీసేశాడు. దూలం కదల్లేదు. నిలబడింది కదా అనుకున్నాడు. ఈ రోజు నిలబడిందని అతనికి తెలుసు. డొల్లలో చెమ్మ చేరి కమ్మీ తుప్పు పట్టినాక, ఎన్నో ఏళ్ళకు ఏమవుతుందో కూడా తెలుసు. అప్పటికి అడగడానికి తాత ఉండడు, చెప్పడానికి తాను ఉండకపోవచ్చు. కింద పడుకున్నవాళ్ళు మాత్రం ఉంటారు.

సున్నం కొట్టారు. మరునాడు మొదటి యాత్రికులు వస్తారనగా ఊరివాళ్ళు సావిడి కడగడానికి వచ్చారు. అందరూ ఉండగా తాత అన్నాడు.

"సుంకన్నా, రేపు నువ్వు నా పక్కన కూర్చో."

అంతే అన్నాడు. ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. టీ అంగడాయన వచ్చి భుజం తట్టాడు. ఎవరో, "ఇన్నాళ్ళకు" అన్నారు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట వినపడితే గుండె నిండిపోతుందనుకున్నాడు సుంకన్న. అలా ఏమీ కాలేదు.

ఉరుకుందమ్మ నేల కడుగుతోంది. గోడవారగా పడుకోబెట్టిన బిడ్డ ఉక్కకు ఏడవడం మొదలుపెట్టింది. తాత ఆ బిడ్డను ఎత్తుకుని, ఉరుకుందమ్మ పాత చీర సుంకన్న చేతికిచ్చాడు.

"ఒక ఉయ్యాల కట్టు నాయనా. ఆ వాకిలి దూలానికి కట్టు. గాలి బాగా తగుల్తాది."

కప్పు పోసేటప్పుడే ప్రతి దూలం అడుగున ఇనుప కొక్కెం బిగించి ఉంచడం అక్కడి వాడుక. వాకిలి దూలానికీ ఒకటి ఉంది.

"ఆ చివర కడతా తాతా" అన్నాడు సుంకన్న.

"అక్కడ ఎండ పడతాంది కదా."

"నడిమి దూలానికి..."

"నడిమిన జనం తిరుగుతున్నారు. ఇక్కడే కట్టు."

సుంకన్న ముక్కాలిపీట వేసుకుని ఎక్కాడు. చీర కొక్కెంలో దూర్చాడు. పసిబిడ్డ బరువు ఆ దూలానికి ఒక లెక్క కాదు. అది అతని కంటే బాగా తెలిసినవాడు ఆ సావిట్లో లేడు. పైన మోస్తున్న కప్పు ముందు ఆ బిడ్డ ఎంత? ముడి వేసి దిగిపోవచ్చు. కానీ మొహానికి జానెడు దూరంలో ఆ నున్నటి పూత ఉంది. చేతులు పైకెత్తి అలాగే నిలబడిపోయాడు.

కింద తాత బిడ్డను భుజాన వేసుకుని ఊపుతూ ఎదురుచూస్తున్నాడు. తొందరపెట్టలేదు.

"ఏమన్నా, ముడి వేసేది మరిచిపోయినావా?" అంది ఉరుకుందమ్మ. నలుగురూ నవ్వారు.

సుంకన్న చీర కొక్కెంలోంచి లాగేసి కిందికి దిగాడు.

"తాతా, ఈ దూలంలో డొల్ల ఉంది."

ఎవరికీ మొదట అర్థం కాలేదు.

"లోపల మాలు దిగలేదు. పలక విప్పినప్పుడే చూసినా. పైన పూత వేసి మూసినా."

టీ అంగడాయన దూలం వైపు చూసి, తనకు తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశాడు. బజారి నేల చూస్తున్నాడు. తాత ఎందుకు చేశావని అడగలేదు. ఇప్పుడైనా చెప్పావని మెచ్చుకోలేదు.

"బాగు చెయ్యవచ్చునా?" అన్నాడు.

"చెయ్యవచ్చు తాతా. కింద మళ్ళీ కర్రలు ఆనించి, గట్టి రాయి తగిలేదాకా డొల్లంతా కొట్టెయ్యాల. చిన్న కంకరతో కొత్తగా నింపాల. గోనెపట్టాలు చుట్టి తడుపుతా ఉండాల. రేపటికి కాదు."

"కాకపోతే కాకపోనీ" అని తాత బిడ్డతో బయటికి నడిచాడు. "రాండి. పందిరి కింద నేల చదును చేద్దాం. రేపు వచ్చేవాళ్ళు యాడో ఒకచోట పడుకోవాల కదా."

ఆ మధ్యాహ్నమే సుంకన్న కర్రలు ఆనించి, ఉలి, సుత్తె పట్టుకుని పీట ఎక్కాడు. పూత మొదటి దెబ్బకే ఊడి పడింది. బజారి వచ్చి రెండో ఉలి అందుకున్నాడు.

"నువ్వు ఆ రోజే చెప్పినావు" అన్నాడు సుంకన్న.

"ఒక్కసారి చెప్పి ఊరుకున్నా కదన్నా" అన్నాడు బజారి. ఇద్దరూ కొట్టసాగారు.

మరునాడు తాత సావిడి వాకిట్లో చాప వేయించాడు. వాకిలికి అడ్డంగా తాడు కట్టించాడు. తాను కూర్చుని పక్కన చెయ్యి పెట్టి చూపించాడు.

"రా సుంకన్నా. కూర్చుందువు."

సుంకన్న నమ్మలేకపోయాడు. వచ్చి కూర్చున్నాడు.

మొదటి గుంపు ఎండ ముదిరేవేళకు వచ్చింది. రాయచూరు వైపువాళ్ళు. కాళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకున్నారు. ముందున్న ముసలాయన కొత్త సావిడిని, అడ్డంగా కట్టిన తాడును చూసి, కన్నడం కలిసిన తెలుగులో అడిగాడు.

"ఏమి స్వామీ, ఇంత నీడ పెట్టుకుని మమ్మల్ని బయట కూర్చోబెడతారా?"

తాత తల తిప్పి సుంకన్న వైపు చూశాడు.

సుంకన్న ఆ రోజు ఎండ చాలా ఎక్కువగా ఉందని మొదలుపెట్టాడు. కమ్మీలు ఒత్తుగా వచ్చాయన్నాడు. మాలు గట్టిగా ఉండాలి కాబట్టి అలా కలపవలసి వచ్చిందన్నాడు. వైబ్రేటరు గొట్టం దూరలేదన్నాడు. ముసలాయన ఓపికగా అంతా విన్నాడు.

"అయితే ఎవరిదప్పా తప్పు?" అన్నాడు.

సుంకన్న తాడు ముడి సవరించసాగాడు. ముసలాయన జవాబు కోసం కాసేపు చూసి, పందిట్లోకి పోయి కాళ్ళు చాపుకున్నాడు.

రెండో గుంపు వచ్చింది. వాళ్ళూ అడిగారు. ఈసారి సుంకన్న ఎండ సంగతి ఎత్తలేదు. తర్వాత బిడ్డలను చంకనేసుకున్న ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళకు చెప్పేటప్పుడు కమ్మీల సంగతి వదిలేశాడు. వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. కొందరు చీదరించుకున్నారు. "తెలిసి తెలిసి మూసినావా?" అని ఒకావిడ మొహం మీదే అంది. "పాపం, చెప్తున్నాడు కదా, పోనీలే" అంది ఆమె వెనకున్న ముసలామె. రెండు మాటలూ ఒకేలా గుచ్చుకున్నాయి. సుంకన్న ఒక్కసారి లేచి పోదామనుకున్నాడు. తాత పక్కన చోటు దొరకడానికి ఎన్నేళ్ళు పట్టిందో గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

భోజనాల వేళ ఉరుకుందమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది.

"తాగన్నా. గొంతు ఎండిపోయింటాది."

సుంకన్న చెంబు అందుకుని తాగలేదు. "ఆ పొద్దు నిన్ను అందరి ముందర అంత మాట అన్నాను" అన్నాడు.

"అన్నదాంట్లో తప్పేముంది? నీళ్ళు నేను ఎక్కువే పోసినా కదా" అంది ఆమె మామూలుగా. "తాగు. చెంబు కావాల."

పొద్దు గుంకేవేళకు ఆఖరి గుంపు వచ్చింది. వాళ్ళలో ఒక నడివయసు మనిషి బాగా అలిసిపోయి ఉన్నాడు. వస్తూనే తాడు మీద చెయ్యి వేశాడు.

"ఇదెందుకు మూసినారు?"

"దూలంలో డొల్ల ఉందన్నా. చేసింది నేను. కప్పెట్టింది నేను" అన్నాడు సుంకన్న. "పందిట్లో చోటుంది, రాండి." లేచి అతని మూట అందుకుని, లోపలికి తీసుకుపోయి, చాప పరిచి వచ్చాడు.

వచ్చేసరికి వాకిట్లో ఎవరూ లేరు. తాత ఒక్కడే మర్నాటి పనికి గోనెపట్టాలు నీళ్ళలో నానబెడుతున్నాడు. సుంకన్న ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాడు. మెల్లగా అడిగాడు.

"తాతా, ఈ పొద్దు నాకు ఆ మాట చెప్తావనుకున్నా."

తాత తడి గోనెపట్టా పిండకుండా ఎత్తి అతని చేతిలో పెట్టాడు.

"పొద్దున్నుంచి నువ్వే చెప్తాంటివి కదా నాయనా. నేను పక్కనే కూర్చొని వింటాంటిని."